విద్యుత్ ఐసొలేషన్

రెండు విద్యుత్ వలయాలను తీగతో కలపకుండానే ఒకదాని నుంచి ఇంకొకదానికి శక్తిని అందించే ఏర్పాటును విద్యుత్ ఐసొలేషన్ అంటారు. మధ్యలో అడ్డుగా కాగితం, నూనె, ఎనామిల్ పూత, ప్లాస్టిక్, చివరికి ఉత్త గాలి అయినా ఉండవచ్చు. శక్తి ఆ అడ్డును అయస్కాంత క్షేత్రంగానో, వెలుతురుగానో దాటుతుంది. కరెంటు మాత్రం దాటదు. కరెంటు బయల్దేరిన చోటికే తిరిగి చేరాలి, ఆ తిరుగుదారిలో మనిషి ఒళ్లు రాకుండా చూడడమే ఐసొలేషన్ పని. రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట మండలంలో స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫోను ఛార్జరు దాకా ఈ సూత్రమే నడుస్తోంది.

1831 ఆగస్టు 29న లండన్‌లో మైకేల్ ఫారడే ఆరంగుళాల మెత్తని ఇనుప కడియానికి చెరో పక్కన రాగి తీగ చుట్టాడు. ఎనామిల్ తీగ అప్పటికింకా రాలేదు. చుట్టుకు చుట్టు తగలకుండా పురికొస, నూలు గుడ్డ వాడాడు. ఆ గుడ్డను కాలికో అంటారు. మన కోళికోడ్ రేవు నుంచి ఓడలెక్కిన బట్టకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరది. తొలి ట్రాన్స్‌ఫార్మర్ అనదగ్గ వస్తువులో ఐసొలేషన్ గోడ నేత బట్టేనన్న సంగతి సిరిసిల్లలాంటి నేత పట్నంలో ఇంకా ఎక్కువగా చెప్పుకోవలసింది. ఒక చుట్టకు బ్యాటరీ తగిలించినప్పుడు, తీసినప్పుడు మాత్రమే రెండో వైపు సూది కదిలింది. నిలకడగా పారే కరెంటు అవతలికి ఏమీ పంపదు, మారే కరెంటే పంపుతుంది. తరవాతి చరిత్రంతా కరెంటును ఎలా మార్చాలన్న ప్రశ్న చుట్టూ తిరిగింది.

1885లో బుడాపెస్ట్ గాంజ్ కంపెనీ ఇంజనీర్లు జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరి మూసిన ఇనుప గుండెతో నేటి ట్రాన్స్‌ఫార్మర్‌కు రూపమిచ్చారు. ఈ ప్రాంతపు పల్లెలకు దాన్ని విస్తృతంగా చేర్చింది సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, అంటే జనం నోట ‘సెస్’. 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ దేశంలో ప్రయోగంగా తెచ్చిన ఐదు సహకార సంఘాల్లో ఇది ఒకటి. 1970లో పని మొదలుపెట్టి ఇప్పటికీ నడుస్తోంది.

పొలాల పక్కన స్తంభాల మీది ట్రాన్స్‌ఫార్మర్లు 11,000 వోల్టులను 433కు దించుతాయి. పై చుట్టకు, కింది చుట్టకు లోపల తీగ సంబంధం ఉండదు. అయినా ఈ ఐసొలేషన్ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే, ఎందుకంటే కింది చుట్ట న్యూట్రల్‌ను మళ్లీ భూమికి కలుపుతారు. పై వోల్టేజీ కిందికి దిగితే ఆపడానికి, ఫ్యూజులు సరిగా పోవడానికి అలా కలపక తప్పదు. దాని ఫలితంగా తడి చేనులో ఉత్త కాళ్లతో నిలబడి ఒక్క ఫేజ్ తాకినా వలయం నేల గుండా పూర్తవుతుంది. అందుకే మనిషి చెయ్యి పడే చోట ఇంకో గోడ కావాలి.

మగ్గాల మీది ఎలక్ట్రికల్ వార్ప్ స్టాప్ మోషన్ అలాంటి చోటే. పడుగులో ఒక్కో పోగుకు ఒక సన్నని లోహపు రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు జారి కింది పట్టీ మీద పడుతుంది, వలయం కలిసి మగ్గం ఆగిపోతుంది. వేల రేకులు, అన్నీ పూత లేనివే, పైగా నేతగాడి వేళ్లు మాటిమాటికీ తగిలేవి. కాబట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో విడదీసిన తక్కువ వోల్టేజీనే వాటికిస్తారు. సిరిసిల్లలో సాంచాలనే మరమగ్గాల్లో పాత సాదావాటికి ఈ ఏర్పాటు ఉండదు. తెగిన పోగును కార్మికుడి కన్నే పట్టుకోవాలి.

బ్యాటరీ కరెంటు మారదు కాబట్టి 1930ల కారు రేడియోల్లో వైబ్రేటర్ అనే కంపించే రేకు దాన్ని తుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు అందించేది. 1950ల్లో జార్జ్ రాయర్ రెండు ట్రాన్సిస్టర్లతో ఆ పని చప్పుడు లేకుండా చేయించాడు. సెకనుకు ఎన్ని ఎక్కువ సార్లు తుంచితే ట్రాన్స్‌ఫార్మర్ అంత చిన్నదవుతుంది. 230 వోల్టులను ఏకముఖంగా మార్చి, సెకనుకు పదుల వేల సార్లు తుంచి, గోళీ అంత ఫెర్రైట్ గుండె మీదుగా దాటించేదే నేటి ఫోను ఛార్జరు. వోల్టేజీ ఎంతుందో వెనక్కి చెప్పే కబురు చాలావాటిలో ఆప్టోకప్లర్ అనే భాగంలో వెలుతురుగా వస్తుంది. రేడియో గోల తగ్గించడానికి గోడకు అటూ ఇటూ ఒక బుల్లి కెపాసిటర్ కలుపుతారు. ఛార్జింగులో ఉన్న ఫోను లోహపు అంచు తాకితే వేలు జివ్వుమనేది సాధారణంగా దానివల్లే. సరిగా చేసిన ఛార్జరులో అది ప్రమాదం కాదు. రెండు వైపుల మధ్య వదలాల్సిన కొన్ని మిల్లీమీటర్ల ఎడం మింగేసిన నాసిరకం సరుకుతోనే భయం.

ఇంటి మీటరు కథ వేరు. చాలా ఎలక్ట్రానిక్ మీటర్ల లోపలి సర్క్యూటుకు లైనుతో నేరుగా సంబంధం ఉంటుంది. ఖరీదైన గోడ కట్టడం కన్నా చెయ్యి దూరకుండా పెట్టె మూసేయడం చవక. రీడింగు కబురు మాత్రం ముందున్న కిటికీలోంచి పరారుణ కాంతిగా వస్తుంది. వెలుతురు శక్తినీ మోయగలదు, కానీ సాధారణంగా చాలా కొద్దిగానే. మళ్లీ అయస్కాంత దారిలో, చిప్ మీదే అచ్చువేసిన చుట్టలు 2000 తరవాత వచ్చాయి. కొన్ని పదుల మైక్రాన్ల ప్లాస్టిక్ పొర వేల వోల్టులను ఆపుతుంది, అయితే తొలి చిప్‌లలో ఇచ్చిన శక్తిలో సగానికి పైగా వేడిగానే పోయేది.

తెలంగాణ పల్లెల్లో ఐసొలేషన్ లేకపోవడం ప్రాణం తీసేది అడవి పందుల కోసం చేను చుట్టూ లాగిన దొంగ తీగల దగ్గర. లైను నుంచి నేరుగా తగిలించిన తీగకు పంది, గొడ్డు, మనిషి అన్న తేడా లేదు. తాకినవాడి గుండా నేలలోకి కరెంటు పారుతూనే ఉంటుంది. చట్టం ఒప్పే కంచె యంత్రం కెపాసిటర్‌లో కొద్ది శక్తి నింపి, పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా సెకనుకు ఒక్కసారికి మించకుండా వదులుతుంది. వోల్టేజీ వేలల్లో ఉన్నా, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కో దెబ్బలో శక్తి 5 జౌళ్లు మించకూడదు. ఈ కరెంటూ నేల గుండానే తిరిగి వస్తుంది, కాకపోతే తన సొంత ఎర్త్ రాడ్‌కు. ఆ రాడ్‌ను ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌తో సహా వేరే ఏ ఎర్త్‌కైనా కనీసం 10 మీటర్ల దూరంలో పాతాలి.