చిషోల్మ్, రాబర్ట్ ఫెలోస్ (1840–1915)

విక్టోరియా కాలపు ఆంగ్ల వాస్తుశిల్పి. మద్రాసు ప్రభుత్వ సలహాదారు. మద్రాసు విశ్వవిద్యాలయ సెనేట్ హౌస్ (1874–79), తిరువనంతపురం నేపియర్ మ్యూజియం ఆయనవే. విరుదునగర్, కోవిల్‌పట్టి తెలుగువారికి మాత్రం ఆయన పనితనం చూడాలంటే పక్కనున్న మదురై చాలు. తిరుమల నాయకుడు కట్టించిన మహలు పాడుబడితే, గవర్నర్ నేపియర్ పూనికతో బాగుచేయించింది ఈయనే. బలమైన గుండ్రటి స్తంభాలు, వాటి మీద అంచులు ఆకుల్లా తీర్చిన కమానులు, ఇటుకను కప్పేసిన నున్నటి సున్నపు గచ్చు నేటికీ నిలిచాయి. మన నాయకరాజుల కట్టడాన్ని ఒక పరాయివాడు కాపాడాడంటే ఒప్పుకోవాల్సిందే. ఇంగ్లండు తిరిగి వెళ్లాక లండన్ స్లోన్ టెర్రస్‌లో క్రిస్టియన్ సైన్స్ శాఖకు బైజాంటైన్ తీరు చర్చి కట్టాడు, 1907లో తెరిచారు. ఆ చర్చి 2004 నుంచి కడోగన్ హాల్ అనే సంగీత సభామందిరంగా నడుస్తోంది.