పాదిరీ ఉన్నాడు, పాహన్ లేడు: ఫ్రాన్స్ వెళ్లిన ఆదివాసీల చరిత్ర

1917లో రాంచీ కొండల నుంచి, నాగా కొండల నుంచి, లుషాయి కొండల నుంచి వేలాది ఆదివాసీలు ఓడెక్కి ఫ్రాన్స్ దేశం వెళ్లారు. తుపాకీ పట్టడానికి కాదు, పార, గొడ్డలి పట్టడానికి. మొదటి ప్రపంచ యుద్ధం పాఠం నేను చదువుకున్నాను, పిల్లలకు చెప్పాను కూడా. కానీ ఏ పాఠ్యపుస్తకంలోనూ వీళ్ల ఊసు నాకు కనబడలేదు. వాళ్ల వెంట కొందరు క్రైస్తవ పాదిరీలు కూడా వెళ్లారు. పలు మతాల మనుషులు కలిసి బతికే చోట ఒక మతగురువు ఏం చేయగలడో, ఎక్కడ ఆగిపోవాలో చెప్పే చరిత్ర ఇది.

ముందుగా ఒక మాట అర్థం చేసుకోవాలి. ఊరి చర్చిలో ఉండే పాస్టరు వేరు, చాప్లెయిన్ వేరు. పటాలం, ఓడ, ఆసుపత్రి, జైలు వంటి చోట్ల, అంటే ఇంటికి దూరంగా మనుషులు ఉండే చోట నియమించే మతగురువును చాప్లెయిన్ అంటారు. ఈస్టిండియా కంపెనీకి 1698లో ఇచ్చిన చార్టర్‌లోనే, కోటల్లోనూ 500 టన్నులు, ఆపైన ఉన్న ఓడల్లోనూ చాప్లెయిన్లు ఉండాలని రాశారు. వాళ్లు ప్రధానంగా తెల్లవాళ్ల కోసం. మిషనరీలు మన దేశానికి రావడానికి చట్టబద్ధంగా దారి తెరిచింది 1813 చార్టర్ చట్టం. జీతం తీసుకుని తన వాళ్లను చూసుకునే చాప్లెయిన్ ఒకరు, జనంలోకి వెళ్లి మతం చెప్పే మిషనరీ ఇంకొకరు. యుద్ధం వచ్చాక ఆదివాసీ కొండల్లో ఈ రెండు పనులూ ఒకే మనిషి చేతిలోకి వచ్చాయి.

ఛోటానాగపూర్‌లో పాదిరీ అంటే ఎవరు? 1845లో జర్మనీ నుంచి గాస్నర్ మిషన్ వాళ్లు రాంచీ చేరారు. 1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ అనే బెల్జియం ఫాదర్ వచ్చి, భూమి కేసుల్లో ముండాలకు, ఓరావులకు కోర్టుల దగ్గర తోడు నిలిచాడు. కొంతకాలం మిషన్ బడిలో చదివిన బిర్సా ముండా, తర్వాత దొరలతో పాటు మిషన్‌నూ ఎదిరించాడు. 1899 క్రిస్మస్ ముందు రోజు రాత్రి చర్చిల మీద బాణాలు పడ్డాయి. ఆ తిరుగుబాటు తర్వాత 1908లో వచ్చిన ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం తయారీలో హాఫ్‌మన్ అనే మరో ఫాదర్ సాయపడ్డాడు. భూమి కోసం పక్కన నిలబడింది పాదిరీయే, పాత దేవతలను వదలమన్నదీ పాదిరీయే. ఈ రెండు నిజాల్లో ఏ ఒక్కటి దాచినా చరిత్ర వంకరపోతుంది.

బాణాలు పడి 18 ఏళ్లు కూడా నిండకముందే, అవే కొండల యువకులు పాదిరీల వెంట ఓడెక్కారు. ఫ్రాన్స్‌లో పనికి 50,000 మంది కావాలని బ్రిటిష్ ప్రభుత్వం 1917లో భారతదేశాన్ని అడిగింది. సంతాలులు, ముండాలు, ఓరావులు, ఖాసీలు, గారోలు, నాగాలు, లుషాయిలు కూలీ పటాలాల్లో చేరారు. రాంచీ ప్రాంతంలో మనుషులను సమీకరించడంలో ఛోటానాగపూర్ బిషప్ ఫాస్ వెస్ట్‌కాట్ ముందున్నాడు. మణిపూర్‌లో 1896 నుంచి తాంగ్‌ఖుల్ నాగాల మధ్య పనిచేస్తున్న విలియం పెట్టిగ్రూ స్వయంగా వాళ్లతో ఫ్రాన్స్ వెళ్లాడు. సర్కారుకు కావలసింది ఆ భాష తెలిసిన మనిషి, ఆ జనం నమ్మిన మనిషి. రెండూ పాదిరీ దగ్గర దొరికాయి. ఇలా వెళ్లిన వాళ్లందరికీ చాప్లెయిన్ అనే పదవి లేదు. కొందరు అధికారులుగా, దుబాసీలుగా వెళ్లి, ఆ పనితో పాటు చాప్లెయిన్ పనీ చేశారు. పిలుపు అందిన వాళ్లంతా తలూపలేదు. మణిపూర్ కుకీలు మనుషులను పంపం అన్నారు. 1917 నుంచి 1919 దాకా సాగిన కుకీల పోరాటానికి ఈ సమీకరణ ఒక ముఖ్య కారణం.

ఫ్రాన్స్‌లో రోడ్లు వేయడం, చెట్లు నరకడం, సరుకు దించడం, యుద్ధం జరిగిన నేలను శుభ్రం చేయడం వాళ్ల పని. ఆ చలి మన కొండల చలి లాంటిది కాదు. జబ్బుపడి మంచాన ఉన్నవాడికి తన భాషలో మాట్లాడే మనిషి ఒక్కడు దొరికితే అదెంత బలమో చెప్పనక్కర్లేదు. ఈ మేలును కాదనకూడదు. భారత సిపాయిల మధ్య పనిచేసిన వై.ఎం.సి.ఎ. వాళ్లకు సర్కారు ఒక షరతు పెట్టింది. ఉత్తరాలు రాసిపెట్టండి, ఆటలు ఆడించండి, కానీ మత ప్రచారం చేయకండి అని. పలు మతాల వాళ్లున్న చోట సేవకు ఉండాల్సిన హద్దు అదే.

మిగతా మతాల సిపాయిల విషయంలో సర్కారు జాగ్రత్తగానే ఉంది. ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఆసుపత్రిలో హిందువులకు, ముస్లింలకు వేర్వేరు వంటశాలలు పెట్టారు. చనిపోయిన హిందూ, సిక్కు సిపాయిలను దహనం చేసిన చోట ఛత్రీ కట్టారు. ముస్లింలకు వోకింగ్‌లో ఖనన స్థలం ఇచ్చారు. ఆదివాసీ సంగతి ఏమిటి? ముండాల ఊరి పూజారిని పాహన్ అంటారు. పాదిరీకి అధికారి హోదా ఇచ్చిన సర్కారు పాహన్‌కు ఇవ్వలేదు. ముండా ఆచారంలో చనిపోయిన వాళ్ల ఎముకలు తమ వంశం వాళ్ల సాసన్ రాయి కిందికి చేరాలి. ఫ్రాన్స్ మట్టిలో కలిసినవాడి ఎముకలు ఏ సాసన్‌కు చేరాయి?

తిరిగొచ్చిన వాళ్లు లోకం చూసి వచ్చారు. 1918లో కోహిమాలో నాగా క్లబ్ పుట్టింది. అందులో ఫ్రాన్స్ వెళ్లొచ్చిన వాళ్లూ ఉన్నారు. అదే క్లబ్ 1929లో సైమన్ కమిషన్‌కు విజ్ఞాపన ఇచ్చింది. ఛోటానాగపూర్‌లో జర్మన్ పాదిరీలను యుద్ధకాలంలో నిర్బంధించి పంపేశాక, 1919లో గాస్నర్ చర్చి స్వతంత్రమైంది. దాన్ని నడిపే బాధ్యత ఆదివాసీ క్రైస్తవుల చేతికే వచ్చింది.

ఈనాడు భారత సైన్యంలో పండిట్, గ్రంథి, మౌల్వీ, పాదిరీ, బౌద్ధ భిక్షువు జూనియర్ కమిషన్డ్ అధికారులుగా ఉన్నారు. పూజలు, ప్రార్థనలు జరపడం, ఆసుపత్రిలో రోగులను పలకరించడం, అంత్యక్రియలకు హాజరవడం, శిక్షలో ఉన్న సిపాయిని చూడటం వాళ్ల విధులు. చాప్లెయిన్ పని ఒక్క మతానిది కాకుండా అందరిదీ అయింది. ఇది మంచి మార్పు. కానీ ఆ వరుసలో పాహన్ లేడు, గోండుల కటోడ లేడు, కోయల వడ్డె లేడు. సర్నా మతానికి జనాభా లెక్కల్లో ప్రత్యేక కోడ్ ఇవ్వాలని ఝార్ఖండ్ శాసనసభ 2020లో తీర్మానం చేయాల్సి వచ్చిందంటే, ఈ ఖాళీ ఎంత పాతదో ఆలోచించండి.

హాస్టల్ వార్డెన్‌గా నాకు ఈ విషయం దూరపుది కాదు. ఒకే గదిలో ఆదివారం ప్రార్థనకు వెళ్లే ఇంటి పిల్ల, అయ్యప్ప మాల వేసే ఇంటి పిల్ల, కొత్తల పండుగ చేసే ఇంటి పిల్ల పడుకుంటారు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. అయినా రాత్రి జ్వరం వచ్చిన పిల్ల పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి కదా! కూర్చున్నవాళ్లు ఆ పిల్ల భాష మాట్లాడాలి, ఆ పిల్ల ఇంటి దేవుడిని చిన్నచూపు చూడకూడదు. బలహీనంగా ఉన్న ఘడియలో మనసు మార్చబోకూడదు. మంచి చాప్లెయిన్ చేసేదీ ఇదే.

మన సంఘానికి నాదొక విన్నపం. మన ఆచారాలు తెలిసిన పెద్దల జాబితా తెగల వారీగా తయారు చేద్దాం. దూరపు ఆసుపత్రిలో, బ్యారక్‌లో, జైలులో మన మనిషి ఉన్నప్పుడు ఫోన్ చేస్తే పలికే ఒక పెద్ద ఉండాలి. పాదిరీ వెళ్లే చోటికి మన వడ్డె, మన కటోడ కూడా వెళ్లగలగాలి. క్రైస్తవులైన మన అన్నదమ్ములకు పాదిరీ, పాత ఆచారంలో ఉన్నవాళ్లకు పూజారి, ఇద్దరూ ఒకే వార్డులో ఒకరినొకరు గౌరవించుకుంటూ నిలబడాలి. పేరు కూడా మిగలకుండా పరాయి నేలలో ఒరిగిన ఆ పూర్వీకులకు మనం ఇవ్వగల నివాళి ఇదే.