ఒకటవ నంబరు కావలి

రేడియో నిలయమున డ్యూటీ గది యని యొక గది యుండును. అందు కూర్చుండు ఉద్యోగి పాడడు, మాటలాడడు, వార్తలు చదువడు. స్టూడియోలో ఒకరు పాడుచుండగా, వేరొకరు చదువుచుండగా, ఆయన వినుచుండును, అంతియే. రికార్డు ఒకేచోట తిరిగినను, అరనిమిషము నిశ్శబ్దము వచ్చినను, గంటలు నిమిషములతో లాగు పుస్తకమున వ్రాసి, వెంటనే మరియొక రికార్డు పెట్టించును. కార్యక్రమమును మొదలుపెట్టుట యొక పని, అది నడచుచున్నదో లేదో కనిపెట్టియుండుట మరియొక పని యని మేము ఆ గదిలోనే నేర్చుకొంటిమి. కంప్యూటర్ల చరిత్రలో ఈ రెండు పనులు ఒకచోట పుట్టి, తరువాత విడిపోయి, చాలకాలమునకు మరల కలిసికొన్న కథ యొకటి కలదు. నేటి సర్వర్లలో అధికభాగమును నడుపు లినక్సు వ్యవస్థకు సంబంధించిన కథ యది. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల నున్నదియు లినక్సు కెర్నెలే గనుక, ఈ కథ పరుల యింటిది కాదు.

1969లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, మర్రే హిల్ అను చోట గల బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనువారు యూనిక్సు అను వ్యవస్థను నిర్మింప మొదలిడిరి. దాని తొలి మాన్యువల్ 1971 నవంబరు 3వ తేదీని వెలువడెను. యూనిక్సునందు నడచుచున్న ప్రతి ప్రోగ్రామును ప్రాసెస్ అందురు, ప్రతి ప్రాసెస్‌కును ఒక నంబరుండును. యంత్రము మేల్కొనగానే కెర్నెల్ తానుగా మొదలుపెట్టు ప్రాసెస్‌కు ఒకటవ నంబరు. దాని పేరు ఇనిట్. మనము నడుపు తక్కిన ప్రోగ్రాములన్నియు దాని సంతానమో, సంతానపు సంతానమో కావలసినదే.

ఆ నాళ్లలో ఇనిట్ చేసిన ముఖ్యమైన పని యేమి? యంత్రమునకు టైపు మిషనులవంటి టెర్మినళ్లు కొన్ని తగిలించియుండెడివి. ఒక్కొక్క టెర్మినల్ కడ ఒక్కొక్క బిడ్డను కూర్చుండబెట్టి, వచ్చినవారి పేరడుగుమని ఇనిట్ ఆజ్ఞాపించెడిది. వచ్చినవారు పని ముగించుకొని పోగానే ఆ బిడ్డ మరణించును. ఆ వార్త ఇనిట్‌కు అందును. అది వెంటనే మరియొక బిడ్డను కని అచ్చటనే కూర్చుండబెట్టును. అనగా మొదలుపెట్టుటయు కనిపెట్టియుండుటయు ఆది నుండియు ఒకే చేతిలో నుండినవి.

మరణవార్త తల్లికి అందు విధానము చెప్పుకొనదగినది. యూనిక్సులో ఒక ప్రాసెస్ తనను తాను రెండుగా చేసికొనుట వలన బిడ్డ పుట్టును. బిడ్డ మరణించినప్పుడు, ఎట్లు మరణించెనో తెలుపు చిన్న చీటీ నొకదానిని కెర్నెల్ భద్రపరచి, తల్లి వచ్చి యడుగువరకు నిలిపియుంచును. తల్లి అడుగకున్నచో ఆ మృతప్రాసెస్ పేరు పట్టికలో అట్లే నిలిచియుండును. దీనికి ఆ దేశపువారు పెట్టిన పేరు జాంబీ. ఉత్తరక్రియలు జరుగని ప్రేతమని మన మనవచ్చును. తల్లియే ముందు మరణించినచో, బిడ్డను సాధారణముగా ఒకటవ నంబరు దత్తు తీసికొనును. ఆ బిడ్డకు జరుగవలసిన కడపటి కర్మ కూడ దానిదే. అనాథప్రేత సంస్కారము కంటె మించిన పుణ్యము లేదని మన పెద్దలందురు. ఆ పుణ్యమంతయు ఇనిట్ ఖాతాలోనే పడుచున్నది.

ఇక సేవల మాట. ఉత్తరములు చేరవేయుట, అచ్చుయంత్రమునకు పనులందించుట, గడియారమును చూచి వేళకు పనులు చేయించుట వంటి వాటికై ఎవరికిని కనబడక వెనుక పనిచేయు ప్రోగ్రాములు కావలసివచ్చినవి. వీటిని డెమన్‌లందురు. 1963 ప్రాంతమున మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున, ప్రాజెక్ట్ మాక్‌లో పనిచేసినవారు ఈ పేరు పెట్టిరి. వేడి అణువులను చల్లని అణువులను వేరుచేయుచు అలుపెరుగక కూర్చుండు నొక భూతమును భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ పూర్వము ఊహించియుండెను, ఆ భూతమే వీరికి స్ఫూర్తి.

కథ మలుపు తిరిగినది ఇచ్చటనే. డెమన్‌ను ఎవరో యొక ఉద్యోగి తన టెర్మినల్ నుండి మొదలుపెట్టును. ఆయన ఇంటికి పోయినప్పుడు టెర్మినల్‌తోపాటు డెమన్ కూడ పోరాదు. కావున డెమన్ తనను తాను రెండుమారులు చీల్చుకొని, నడుమనున్న తల్లిని తొలగించుకొని, కావలెనని అనాథయై ఒకటవ నంబరు పంచన చేరుట ఆచారమైనది. ఆచారమునకు కారణము లేకపోలేదు. కాని ఫలిత మేమి? మొదలుపెట్టినవానికి ఇక దాని యోగక్షేమములు తెలియవు. దత్తు తీసికొన్న ఇనిట్‌కు మరణవార్త అందును గాని, ఆ చచ్చినది యే సేవయో, దానిని మరల నిలుపవలెనో వద్దో దానికి ఎవరును చెప్పియుండలేదు. కర్మ చేసి ఊరకుండును.

1983లో ఏటీ అండ్ టీ సంస్థ సిస్టమ్ ఫైవ్ అను యూనిక్సును వెలువరించెను. దాని ఇనిట్‌కు ఇనిట్‌టాబ్ అను పట్టిక యుండెను. అందు రీస్పాన్ అను మాట వ్రాసినచో, చచ్చిన ప్రాసెస్‌ను ఇనిట్ మరల పుట్టించును. ఆయుధము చేతిలోనే యున్నది! అయినను దానిని ప్రధానముగా టెర్మినళ్లకే వాడిరి. సేవలను మాత్రము వరుసనంబర్లు వేసిన చిట్టి స్క్రిప్టులకు వదలిరి. ఎస్ అక్షరముతో మొదలగునవి ప్రారంభించునవి, కే అక్షరముతో మొదలగునవి ఆపునవి. ఇరువదవ నంబరుది ముగిసిన పిదప ఇరువదియొకటవది. 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సును ప్రకటించిన తరువాత, నెదర్లాండ్స్ దేశస్థుడు మికెల్ వాన్ స్మూరెన్‌బర్గ్ ఈ పద్ధతినే లినక్సుకు వ్రాసి యిచ్చెను. మా అభిప్రాయమున లినక్సు లోకము ఇరువదియేండ్లు మోసిన బరువులలో ఇది యొకటి.

స్క్రిప్టు తాను మొదలుపెట్టిన డెమన్‌ను మరల గుర్తించు టెట్లు? డెమన్ తన నంబరును ఒక ఫైలులో వ్రాసిపెట్టును. కాని నంబర్లు అపరిమితములు కావు. చిరకాలము లినక్సులో వాటి మేర 32,768గా నుండినది. మేర ముగియగానే మొదటినుండి తిరిగి పంచుకొనవలసినదే. పోయినవాని యింటి నంబరు క్రొత్తగా వచ్చినవానికి దక్కునట్లు, చచ్చిన సేవ నంబరు మరియొక ప్రాసెస్‌కు దక్కును. ఫైలులోని యంకె మాత్రము మారదు.

దీని ఫలమును మేము స్వయముగా ననుభవించితిమి. కొన్నియేండ్ల క్రిందట మేము పనిచేసిన నిలయమున, పాత ధ్వనిముద్రణలను వేళకు వెలికితీసి అందించు ప్రోగ్రామొకటి ఇట్టి యంత్రముపై నడచుచుండెను. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చినది. యంత్రము తిరిగి మేల్కొన్నది. నంబరు ఫైలును ఆ ప్రోగ్రాము తన సొంత డైరెక్టరీలో దాచుకొనునది గావున అది చెరిగిపోలేదు. స్క్రిప్టు ఆ ఫైలును చూచినది. ఆ నంబరుగల ప్రాసెస్ బ్రదికియే యున్నది. కావున సేవ నడచుచున్నదని తీర్మానించి తన దారిని పోయినది. నిజమునకు ఆ నంబరు అప్పుడు అచ్చుయంత్రమును చూచుకొను ప్రోగ్రాముది. తెల్లవారి ప్రసారము కావలసినది కీర్తిశేషుడైన యొక హరికథకుని గానము. దాని బదులు వాద్యసంగీతము వేసితిమి. ఆయన కుమార్తె దూరపు పల్లెలో, ఇరుగుపొరుగు వారిని పిలుచుకొని రేడియో ముందు కూర్చుండియుండినదట. వారము గడచిన పిదప వచ్చిన ఆమె ఉత్తరమున నిష్ఠూరము లేదు. "నాన్నగారి పాట ఎప్పుడు వేయుదురో మరల తెలియజేయగలరు" అని మాత్రమే యున్నది. ఆ ఉత్తరమును మేము నేటికిని మరువలేదు.

ఈ లోపమును ముందుగా గుర్తించి సూటిగా చక్కదిద్దినవారిలో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు గణితాచార్యుడు డానియల్ బెర్న్‌స్టీన్ ఒకడు. ఆయన వ్రాసిన డెమన్‌టూల్స్ 0.76వ కూర్పు 2001లో వెలువడెను. అందలి యాలోచన మిక్కిలి సామాన్యము. ప్రతి సేవకు ఒక డైరెక్టరీ. అందు రన్ అను చిన్న స్క్రిప్టు. సూపర్వైజ్ అను ప్రోగ్రాము ఆ స్క్రిప్టును తన బిడ్డగా నడుపును. సేవ చీలిపోయి పరారు కారాదు, తల్లి యెదుటనే పనిచేయవలెను. చచ్చినచో తల్లికి తత్‌క్షణము తెలియును, మరల నిలుపును. ఈ సూపర్వైజ్‌లను చూచుకొనుటకు ఎస్వీస్కాన్ అను పెద్ద తల. అయిదు సెకనుల కొకమారు అది క్రొత్త డైరెక్టరీలు వచ్చినవేమో చూచును. నంబరు ఫైలు లేదు, ఊహాగానము లేదు. బెల్ ప్రయోగశాలలోని తొలి ఇనిట్ టెర్మినళ్లకు చేసినదే ఈయన సేవలకు చేసెను. గెరిట్ పేప్ వ్రాసిన రనిట్ ఈ మార్గమునే అనుసరించి, ఒకటవ నంబరు పీఠమును కూడ నెక్కగలిగినది. వాయిడ్ లినక్సు దానినే వాడుచున్నది.

పెద్ద సంస్థలును కదలినవి. 2005లో సన్ సంస్థ సొలారిస్ 10లోను, ఆపిల్ సంస్థ మాక్ ఓఎస్ టెన్ 10.4లోను క్రొత్త పద్ధతులు తెచ్చిరి. 2006 అక్టోబరులో ఉబుంటు 6.10తోపాటు స్కాట్ జేమ్స్ రెమ్నాంట్ వ్రాసిన అప్‌స్టార్ట్ వచ్చెను.

వీటికంటె మించి కథను మార్చినది కెర్నెల్ లోపల వచ్చిన మార్పు. 2006లో గూగుల్ ఇంజనీర్లు మొదలుపెట్టిన సీగ్రూపులు 2008 జనవరిలో లినక్సు 2.6.24తో కెర్నెల్‌లో చేరినవి. ఒక ప్రాసెస్‌ను ఒక గుంపులో చేర్చినచో దాని సంతానమంతయు ఆ గుంపులోనిదే. డెమన్ రెండుమారులు చీలినను, పదిమారులు చీలినను, ఇల్లు మారునేమో గాని గోత్రము మారదు. 2010 ఏప్రిల్ 30వ తేదీని లెనార్ట్ పెట్టరింగ్ ఒకటవ నంబరును గూర్చి మరల ఆలోచింపవలెనని వ్యాసము వ్రాసి సిస్టమ్‌డిని ప్రకటించినప్పుడు, ఈ గోత్రపు లెక్కయే దానికి బలమైనది. 2011లో ఫెడోరా 15 దానిని స్వీకరించెను.

తరువాత జరిగినది పెద్ద కలహము. సిస్టమ్‌డి ఒకటవ నంబరు పనితో ఆగక, లాగులు వ్రాయుట మొదలు లాగిన్‌ల లెక్క వరకు తనలో చేర్చుకొనుచున్నదని పలువురు ఆక్షేపించిరి. డెబియన్ సాంకేతిక సంఘమున 2014 ఫిబ్రవరిలో ఎనమండుగురు చెరిసగముగా చీలిరి. అధ్యక్షుడు బ్డేల్ గార్బీ నిర్ణాయక వోటుతో సిస్టమ్‌డి నెగ్గెను. కొలదిదినములలోనే ఉబుంటు కూడ ఆ దారినే పోదుమని ప్రకటించెను. సమ్మతింపనివారు డెవువాన్ అను వేరుకాపురము పెట్టిరి. ఆక్షేపించినవారి భయము నిరాధారమని మేమనము. ఒకే ఉద్యోగికి అన్ని గదుల తాళములు ఇచ్చుట ఏ కార్యాలయమునను క్షేమము కాదు. అయినను కావలి విషయమున మాత్రము వారు ఓడినది న్యాయమే. పాత స్క్రిప్టులకు తిరిగిపొమ్మనుట కావలిని తీసివేయుమనుటయే గదా!

ఇప్పుడొక సేవను నిలుపుట ఎట్లో చెప్పెదము. ఈటీసీలోని సిస్టమ్‌డి డైరెక్టరీయందు, సిస్టమ్ అను లోపలి డైరెక్టరీలో, సేవ పేరుతో చిన్న ఫైలు వ్రాయవలెను. అందు మూడు భాగములు. మొదటి భాగమున సేవ వర్ణనము, అది యే సేవ తరువాత మొదలు కావలెనను మాట. రెండవ భాగమున నడుపవలసిన ఆజ్ఞ, ఎవరి పేరిట నడువవలెనో ఆ పేరు, చచ్చినచో ఏమి చేయవలెనను నియమము. మూడవ భాగమున యంత్రము ఏ స్థితికి చేరినప్పుడు ఇది లేవవలెనో ఆ స్థితి. తరువాత సిస్టమ్‌సీటీఎల్ అను ఆజ్ఞ. ఇచ్చట క్రొత్తవారు తరచు పొరబడుదురు. స్టార్ట్ అనినచో ఈ క్షణమున మొదలగును, రేపు కరెంటు పోయి వచ్చినచో లేవదు. ఎనేబుల్ అనినచో యంత్రము లేచిన ప్రతిమారును లేచును గాని ఈ క్షణమున మొదలు కాదు. రెండును కావలెను.

చచ్చినచో మరల నిలుపుమను నియమమును గూర్చి యొక హెచ్చరిక. పది సెకనులలో అయిదు మారుల కంటె ఎక్కువ లేపవలసివచ్చినచో సిస్టమ్‌డి చాలించుకొని, సేవ విఫలమైనదని ప్రకటించును. ఇది మంచి కట్టడియే. కాని ప్రతి పునరారంభమునకు ముందు అయిదు సెకనులు ఆగుమని మనము వ్రాసినచో, పది సెకనులలో అయిదు మారులు ఎన్నటికిని కావు. రోగిష్టి సేవ రాత్రంతయు పడి లేచుచునే యుండును, ఎవరికిని వార్త రాదు. విరామమును పెంచినవారు గడువును కూడ పెంచవలెను. అదియు గాక, బ్రదికియున్నంతమాత్రమున పనిచేయుచున్నదని కాదు. కొయ్యబారి కూర్చుండు సేవలు కలవు. అట్టివాటికై వాచ్‌డాగ్ అను నియమమున్నది: సేవ తానుగా వేళకు పలుకకున్నచో దానిని తొలగించి మరల నిలుపుదురు.

డాకర్ 2013లో వెలువడిన పిదప పాత ప్రశ్న క్రొత్త వేషమున వచ్చినది. ఒక్కొక్క కంటెయినరులోను మన ప్రోగ్రామే ఒకటవ నంబరగును, దానికి అనాథల కర్మ చేయుట తెలియదు, ప్రేతములు పేరుకొనును. 2017 జనవరిలో వచ్చిన డాకర్ 1.13లో టిని అను బుల్లి ఇనిట్‌ను చేర్చి, కోరినవారికి ఒకటవ స్థానమున దానిని కూర్చుండబెట్టుట కేర్పాటు చేసిరి.

మా నిలయపు ప్రోగ్రామునకును పైన చెప్పినట్లే ఫైలు వ్రాయించితిమి. ప్రసారము లేని యొక నడురాత్రి, కావలెననియే తొమ్మిదవ సంకేతము పంపి దానిని చంపించి చూచితిమి. తెరపై పాత నంబరు పోయి క్రొత్త నంబరు కనబడుటకు రెప్పపాటు చాలినది. మరణమును పునరారంభమును తెలుపు పంక్తులు లాగులో పడినవి. మరునాడు హరికథకుని కుమార్తెకు ప్రసారపు తేదీ వ్రాసి ఉత్తరము వేసితిమి. ఆ తేదీన డ్యూటీ గదిలో మేమే కూర్చుంటిమి.