రెండు నిమిషాల ఆయుష్షు

ఆ ఇంజన్ బతికింది రెండు నిమిషాలు. అంతకుముందు ముప్ఫై ఏళ్లు తిరిగిందన్నది నిజమే. కానీ ముక్కముక్కా విప్పి, కిరసనాయిల్లో కడిగి, అరిగినదల్లా మార్చి మళ్లీ బిగించాక అది మరో జన్మ. ఆ రెండో జన్మకు రెండు నిమిషాలే రాసిపెట్టి ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చిన పొద్దున, మేమంతా చూస్తుండగానే పోయింది. టైర్ల కింద పెట్టిన నిమ్మకాయలు నలగనే లేదు.

మా వీధి మాస్టారి అంబాసిడర్ అది, మార్క్ 4. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో తయారైన బండి. వంశం మాత్రం ఇంగ్లండుది: మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఒళ్లు, బి.ఎం.సి. వారి బి-సిరీస్ ఇంజన్, 1489 సీసీ, క్రాంకును మోసే మెయిన్ బేరింగులు మూడే మూడు. 2014లో అంబాసిడర్ల తయారీ ఆగిపోయాక, ఉన్న బండిని కాపాడుకోవడం ఒక వ్రతమైంది ఆయనకు. బండి నీలిపొగ వదులుతూ పెట్రోలుతో పాటు ఆయిలూ తాగడం మొదలుపెట్టినప్పుడు పిల్లలు అమ్మేయమన్నారు. ఆయన ఇంజన్ దింపించారు.

మేస్త్రీ ఆ పనిని ప్రేమగా చేశాడు. ఆ మాట చెప్పకుండా ఈ కథ చెప్పడం అన్యాయం. సిలిండర్లు రీబోరు చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేశాడు. క్రాంకును గ్రైండింగుకు తీసుకెళ్తే లేత్ షాపువాళ్లు కొలిచి చూసి, "ఇది నలభై సైజు. ఇదే ఆఖరు, ఇక దీన్ని అరగదీయడానికి లేదు" అన్నారు. పది, ఇరవై, ముప్పై సైజులు ఏనాడో అయిపోయాయి. ఆ మాట విన్నాక మేస్త్రీ చేతికి మరింత జాగ్రత్త వచ్చింది. ఒక్కొక్క బేరింగు చిప్పనూ తెల్లటి బనీను గుడ్డతో తుడిచి, చూపుడు వేలితో ఆయిలు రాసి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు క్రాంకు కింద అమర్చాడు.

ఆ వేలితో రాసిన ఆయిలే ఆ ఇంజన్ నోచుకున్న మొదటి తడి. చివరిదీ అదే.

ఎందుకంటే ఆ తర్వాత బండి ఆగింది. టింకరింగ్ ఆలస్యమైంది. వానలు పట్టి పెయింటింగ్ వెనకబడింది. నెలలు గడిచాయి. బేరింగులకు రాసిన ఆయిలు బొట్టుబొట్టుగా జారి అడుగునున్న చాంబర్లోకి దిగిపోయింది. ఆయిల్ పంపు ఎండింది. ఆ నెలల్లో ఏ పూటైనా ఎవరైనా ఆ సంగతి తలుచుకుని ఉంటే!

పొలం గట్టున మోటారు వేసే రైతు ముందు పంపులో నీళ్లు పోసి గాలి వెళ్లగొడతాడు. ఖాళీ పంపు ఎంత తిరిగినా నీళ్లు ఎత్తదు. ఇంజన్‌లోని ఆయిల్ పంపుదీ అదే స్వభావం. క్రాంకుకూ బేరింగుకూ నడుమ ఉండేది వెంట్రుక పట్టేంత సందు. ఆ సందులోకి ఒత్తిడితో వచ్చే ఆయిలు మీద క్రాంకు తేలుతూ తిరగాలి. అన్నీ సవ్యంగా ఉంటే లోహం లోహాన్ని తాకనే తాకదు.

ఎండిన పంపుకు ముందే ఆయిలు అందించడానికి చేయాల్సింది అరపూట పని కూడా కాదు. ఫిల్టరును ఆయిలుతో నింపి బిగించాలి. బ్లాకు పక్కనున్న రంధ్రంలోంచి ప్రెషర్ డబ్బాతో గ్యాలరీలోకి, అంటే ఆయిలు పారే దారిలోకి, ఆయిలు ఎక్కించాలి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు ఊడదీసి, ఆగి ఆగి సెల్ఫ్ కొట్టాలి. కంప్రెషన్ బరువు లేని క్రాంకు తేలిగ్గా తిరుగుతుంటే పంపు ఆయిలు అందుకుంటుంది. అమెరికా చెవ్రొలె వి-8లకైతే డిస్ట్రిబ్యూటర్ తీసేసి డ్రిల్లు మిషనుతోనే పంపును తిప్పుతారు. ఈ ఇంజన్‌లో ఆ వీలు లేదు, ఓపిక ఒక్కటే దారి. పైన టాపెట్ కవరు తీసి ఉంచి చూస్తుంటే కాసేపటికి రాకర్ల దగ్గర ఆయిలు ఊరుతుంది. ఆయిలు ఆఖరున చేరేది అక్కడికే. అక్కడ మెరుపు కనబడ్డాక తాళం తిప్పవచ్చు.

ముందురోజు సాయంత్రం ఫిల్టరు బిగిస్తుంటే అసిస్టెంటు కుర్రాడు అడిగాడు కూడా: "అన్నా, ఇందులో ఆయిలు పోసి పెట్టనా?" ఆ మాట మీద విధి ఒక్క క్షణం ఆగిందనే నాకనిపిస్తుంది. "చాంబర్లో నిండా పోశాం కదరా" అన్నాడు మేస్త్రీ. నిజమే, నాలుగు లీటర్లు పోశారు. డిప్‌స్టిక్ మీద గీత దాకా తేనెరంగు ఆయిలు. అంత ఆయిలూ అడుగునే ఉండిపోయింది. ఆయిల్ ప్రెషర్ చూసే గేజి షెడ్డు గోడకు మేకున వేలాడుతూనే ఉంది.

ముహూర్తం దగ్గర పడింది. రాహుకాలం రాకముందే స్టార్ట్ చేయాలని తొందర. పంచె కట్టుకుని వచ్చిన మాస్టారు తాళం తిప్పారు. మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. ఆ శబ్దం వినగానే ఆయన ముఖం వెలిగిపోవడం చూశాను. కొత్త క్యామూ టాపెట్లూ ఒకదానితో ఒకటి కుదురుకోవాలని మేస్త్రీ రేసు పెంచాడు. ఆ పద్ధతి సరైనదే, ఆయిలు అందుతున్న ఇంజన్‌కైతే.

"అన్నా, ఆయిల్ లైటు ఆరలేదు."

"కొత్త ఇంజన్ కదరా, పైకెక్కడానికి కాస్త టైం పడుతుందిలే."

ఆ ఎర్రదీపం అప్పటికి ఎంతసేపటి నుంచి వెలుగుతోందో. అప్పుడైనా తాళం వెనక్కి తిప్పి ఉంటే ఒకటో రెండో బేరింగులు పోయేవి, క్రాంకు మిగిలేది. ఇంతలో కింద నుంచి టక్ టక్ మని సన్నగా మొదలైంది. మేస్త్రీ ముఖంలో రక్తం దిగిపోవడమూ, అతని చెయ్యి తాళం వైపు వెళ్లడమూ, ఒక్క కుదుపుతో ఇంజన్ పట్టేయడమూ ఒక్కసారే జరిగాయి.

చాంబరు విప్పింది ఆ సాయంత్రమే. బిగ్ ఎండ్ చిప్ప ఒకటి మేస్త్రీ అరచేతిలో పెట్టుకుని చూపించాడు. బూడిదరంగులో నునుపుగా ఉండాల్సిన పూత తుడిచిపెట్టుకుపోయి, కింద రాగి ఎర్రగా గీతలు గీతలుగా బయటపడింది. ఇంకొకటి తన చోటులో తానే తిరిగిపోయింది. క్రాంకు జర్నల్ వేడికి నీలం తిరిగింది. గోరుతో తాకితే గీతలు తెలుస్తున్నాయి. ఆఖరి సైజు. దాన్ని లేతు మీదికి ఎక్కించమని అడగడానికి కూడా ఏమీ మిగల్లేదు.

"మాస్టారూ, నా కూలి నాకొద్దండీ" అన్నాడు మేస్త్రీ, తల ఎత్తకుండా. "నువ్వు కావాలని చేశావా ఏంటయ్యా" అన్నారు మాస్టారు. డబ్బులు బలవంతంగా జేబులో పెట్టారు.

తర్వాత ఆ బండికి వేరే అంబాసిడర్ నుంచి తీసిన ఇంజన్ ఎక్కించారు. ఆర్.సి.లో నంబరు మార్పించడానికి ఆర్టీవో ఆఫీసుకు మాస్టారే వెళ్లారు. అప్లికేషన్‌లో పాత ఇంజన్ నంబరు రాయాల్సి వచ్చినప్పుడు పుస్తకం తెరవలేదు. అది ఆయనకు కంఠతా వచ్చు.