స్పానిష్ భాషీయుల్లో దీర్ఘవ్యాధుల స్వయం నిర్వహణ: తోడ్పాటు కొలమానాలు

షుగర్, గుండెజబ్బు, కీళ్లవాతం వంటి దీర్ఘవ్యాధులతో బతికే స్పానిష్ భాషీయులకు ఆసుపత్రిలోనూ ఇంటా బయటా దొరికే తోడ్పాటును ప్రశ్నావళులతో లెక్కగట్టే పద్ధతులివి. ఇవి ప్రధానంగా అమెరికాలోని లాటినో కుటుంబాల మధ్య రూపుదిద్దుకున్నాయి.

చాలాకాలం వైద్యులు చూసిందల్లా తాము చెప్పిన మాట రోగి విన్నాడా, మందు వేసుకున్నాడా అన్నదే. ఒక పనిని చేయగలనన్న నమ్మకమే మనిషి ప్రవర్తనను నడుపుతుందని చెప్పే ఆత్మసామర్థ్య సిద్ధాంతాన్ని 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా ప్రతిపాదించడంతో ఈ ధోరణి మారింది. దాని ఆసరాతో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ బృందం, తన జబ్బును తాను నెట్టుకురాగలనన్న రోగి నమ్మకాన్ని కొలిచే ప్రశ్నావళిని 1989లో ప్రకటించింది. అది కీళ్లవాత రోగుల కోసం, ఇంగ్లీషులో తయారైంది.

స్పానిష్‌లో పునాది వేసిన ఘనత ఇదే బృందంలోని వర్జీనియా గొంజాలెజ్‌కు దక్కుతుంది. ఆమె, సహచరులు కీళ్లవాత కొలమానాల స్పానిష్ రూపాలను పరీక్షించి 1995లో ప్రచురించారు. తర్వాత ‘తొమాందో కొంత్రోల్ దె సు సలూద్’ అనే ఆరు వారాల శిక్షణ వచ్చింది. తరగతులు నడిపేది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. 551 మందితో జరిపిన దీని పరీక్ష ఫలితాలు 2003లో వెలువడ్డాయి. నాలుగు నెలలకే ఆరోగ్యం, అలవాట్లు మెరుగుపడ్డాయని, అత్యవసర విభాగానికి పరుగులు తగ్గాయని తేలింది.

ఇంతవరకు కొలిచింది రోగి సత్తాను. అతని వెనక ఎవరున్నారన్న ప్రశ్నను అమెరికా పరిశోధకుడు రస్సెల్ గ్లాస్గో బృందం ముందుకు తెచ్చింది. వీరి దీర్ఘవ్యాధి వనరుల సర్వే (2000) వైద్య సిబ్బందితో ఆగకుండా కుటుంబం, స్నేహితులు, ఇరుగుపొరుగు, పనిచేసే చోటు దాకా ఆరా తీస్తుంది. దీని స్పానిష్ రూపం 2007లో నిర్ధారణ పొందింది. ఇంటిల్లిపాదికీ ఒకే వంట ఉండే కుటుంబాల్లో షుగర్ రోగి పథ్యం నిలవాలంటే ఇంట్లోవాళ్ల సాయం తప్పదు కనుక, ఈ విస్తృతి సముచితమైనది. తనకు అందిన వైద్యసేవను రోగి చేతే అంచనా వేయించే పాసిక్ (2005) గ్లాస్గో బృందానిదే మరో ప్రశ్నావళి. చికిత్స నిర్ణయించేటప్పుడు మీ ఆలోచన అడిగారా వంటి 20 ప్రశ్నలకు 1 నుంచి 5 దాకా మార్కులు వేయాలి. స్పానిష్ పాసిక్‌కు 2008లో ఆమోదముద్ర పడింది.

లాటిన్ అమెరికా దేశాల్లోనూ ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. స్పెయిన్ కూడా ఈ బాట పట్టింది: ఆండలూసియా ప్రాంతం 2008లో, రోగులు తోటి రోగుల నుంచి నేర్చుకునే ‘రోగుల పాఠశాల’ను ప్రారంభించింది. అదే దేశంలో 2016లో వెలువడిన ఐఎక్స్‌పాక్ ప్రశ్నావళి డాక్టర్లతో వ్యవహారాన్నే కాక, ఇంటర్నెట్ ద్వారా, తోటి రోగుల ద్వారా అందే సాయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.