రాయబారిగారి బాకీ

మా చిన్నప్పుడు వీధి చివరి కిరాణా కొట్లో తక్కెడ పక్కన ఒక అట్టముక్క వేలాడుతుండేది, 'నేడు నగదు - రేపు అరువు' అని. ఆ రేపు ఎన్నడూ వచ్చేది కాదనుకోండి. అయినా మా అమ్మ పద్దుపుస్తకం ఇచ్చి పంపిస్తే శెట్టిగారు మాట్లాడకుండా సరుకు కట్టేవారు. మేం ఊరు వదిలి ఎక్కడికీ పోమని ఆయన ధీమా. అదే బదిలీ ఆర్డర్లొచ్చిన ఆఫీసరుగారి ఇంటి ముందయితే, సామాను లారీ ఎక్కకముందే పాలవాడూ, ఇస్త్రీ అతనూ, బట్టల కొట్టు గుమాస్తా వరసగా నిలబడేవారు.

1708 జూలైలో లండన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. కాకపోతే ఊరు వదిలి వెళ్తున్నాయన మామూలు ఆఫీసరు కాదు. రష్యా జారు పీటర్ పంపించిన రాయబారి, ఆండ్రీ మత్వేయెవ్. స్వీడన్‌తో యుద్ధంలో తలమునకలుగా ఉన్న పీటర్, రాజీ కుదర్చమని ఇంగ్లండు రాణి ఆన్ దగ్గరికి ఈయన్ని పంపాడు. మర్యాదలయితే బాగానే జరిగాయి గానీ పని కాలేదు. సెలవు తీసుకుని ప్రయాణం కట్టాడు. ఆ కబురు అప్పులవాళ్ళ చెవిన పడింది.

అందులో ఒకాయన లేసు వర్తకుడు. ఆ రోజుల్లో మగవాళ్ళూ ఒంటి నిండా లేసులు వేసుకునేవారు మరి! బాకీ యాభై పౌన్లు. ఆయన కోర్టు బంట్రోతుల్ని పంపించాడు. వాళ్ళు నడివీధిలో రాయబారిగారి బండి ఆపి, ఆయన్ని కిందికి లాగి, పట్టుకుపోయారు. పాపం, ఆయన ఎవరో దొంగలనుకుని పెనుగులాడాడు. ఈ మత్వేయెవ్ తండ్రిని 1682లో మాస్కోలో తిరుగుబాటు సైనికులు, పదేళ్ళు ఇంకా నిండని పీటర్ కళ్ళెదుటే ముక్కలు చేశారు. అలాంటి ఇంట పుట్టిన మనిషికి వీధిలో నలుగురు మీద పడితే గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో!

జామీను మీద బయటికొచ్చి మర్నాడు రాణికి ఫిర్యాదు చేశాడు. పదిహేడు మందిని జైల్లో పెట్టారు. పీటర్‌కి అది చాల్లేదు. అరెస్టుతో సంబంధమున్న ప్రతివాడికీ, ఆ జిల్లా షరీఫుతో సహా, మరణశిక్ష వేయాల్సిందేనని పట్టుబట్టాడు. ఆన్ రాణి ఇచ్చిన జవాబు మాత్రం నాకు భలే నచ్చింది. నా ప్రజల్లో అతి సామాన్యుణ్ణయినా సరే, చట్టం ఒప్పుకుంటే తప్ప శిక్షించే అధికారం నాకు లేదని చెప్పించింది. జారు దర్బారులో ఎంత ముక్కున వేలేసుకుని ఉంటారో!

నిజానికి అసలు చిక్కంతా అక్కడే ఉంది. రాయబారిని అరెస్టు చేయకూడదని అందరికీ తెలుసు గానీ, అలా చేస్తే ఏ శిక్షో ఇంగ్లీషు చట్టంలో ఎక్కడా రాసి లేదు. మనకేమో లంకలో విభీషణుడు ఎప్పుడో చెప్పేశాడు, దూతని చంపకూడదని. ఆయన కూడా పూర్తిగా వదిలేయమనలేదండోయ్. కొరడా దెబ్బలు, తల గొరగటం లాంటివి చేయవచ్చన్నాడు. అందుకే హనుమంతుడి తోకకి నిప్పంటించారు. లంకకి దక్కిన ఫలితం మనకి తెలిసిందే!

లండన్ వాళ్ళకీ అంతకుముందు ఒక అనుభవం ఉంది. 1653లో పోర్చుగీసు రాయబారి తమ్ముడు న్యూ ఎక్స్ఛేంజి అనే అంగళ్ళ సముదాయంలో ఎవరితోనో గొడవపడి, మర్నాడు ఆయుధాలతో మనుషుల్ని వెంటేసుకు వచ్చాడు. ఆ గలాటాలో ఏ పాపమూ ఎరగనివాడొకడు చచ్చిపోయాడు. రాయబారి కుటుంబం కదా అని క్రామ్‌వెల్ ఉపేక్షించలేదు. 1654 జూలై 10న తమ్ముడి తల నరికించాడు. అదే రోజు అన్నగారు ఇంగ్లండుతో సంధిపత్రం మీద సంతకం పెట్టాడు. ఆ సంతకం పెట్టిన చెయ్యి ఎలా ఆడిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సరే, మత్వేయెవ్ వ్యవహారానికొస్తే, పార్లమెంటు 1709లో ఒక చట్టం చేసింది. రాయబారుల మీద, వాళ్ళ నౌకర్ల మీద తెచ్చే వారంట్లు చెల్లవు, తెచ్చినవాళ్ళు శిక్షార్హులు. నౌకరు సొంత వ్యాపారం చేసుకుంటూ చాటుకి ఈ చట్టాన్ని అడ్డం పెట్టుకోకుండా ఒక మెలికా పెట్టారు. ఆ చట్టం ప్రతిని అందంగా రాయించి, రంగులు దిద్దించి, 1710లో ప్రత్యేక రాయబారి విట్‌వర్త్ చేత మాస్కోకి పంపి క్షమాపణ చెప్పుకున్నారు. పీటర్ శాంతించాడు. ఆ చట్టం 1964 దాకా బతికింది. తర్వాత దాని స్థానంలో 1961 నాటి వియన్నా ఒప్పందం అమల్లోకొచ్చింది. మన దేశమూ 1972లో అందుకు చట్టం చేసింది.

ఈ ఒప్పందాన్ని తల్చుకుంటే నాకు కుండమార్పిడి పెళ్ళిళ్ళు గుర్తొస్తాయి. వాళ్ళ పిల్ల మనింట్లో, మన పిల్ల వాళ్ళింట్లో. కోడల్ని ఒక్క మాటనాలన్నా అక్కడున్న కూతురు మొహం కళ్ళముందు మెదులుతుంది. 1984 ఏప్రిల్ 17న లండన్‌లో లిబియా కార్యాలయం కిటికీలోంచి ఎవరో కాల్చిన తుపాకీకి ఇవాన్ ఫ్లెచర్ అనే పోలీసు పిల్ల నేలకూలింది. పాతికేళ్ళది. ఆమెకి కాబోయే భర్త కూడా ఆ పక్కనే డ్యూటీలో ఉన్నాడు. పోలీసులు పదకొండు రోజులు ఆ భవనాన్ని చుట్టుముట్టి కూచున్నారు గానీ లోపలికి అడుగు పెట్టలేదు. ట్రిపోలీలో బ్రిటిష్ దౌత్యవేత్తలున్నారు మరి! చివరికి లోపలివాళ్ళందరినీ విమానం ఎక్కించి పంపేశారు.

అలాగని ఈ రక్షణ తాళం వేసి, తాళంచెవి పారేసిన పెట్టేమీ కాదు. పంపిన దేశం తలచుకుంటే తీసేయవచ్చు. 1997లో వాషింగ్టన్‌లో జార్జియా దౌత్యవేత్త ఒకడు తాగి కారు నడిపి పదహారేళ్ళ పిల్ల ప్రాణం తీస్తే, జార్జియా అతని రక్షణ వదులుకుంది. అమెరికా కోర్టు అతన్ని జైలుకి పంపింది. లిబియా ఆ పని చేయలేదు. 1999లో బాధ్యత ఒప్పుకుని నష్టపరిహారం మాత్రం కట్టింది.

ఫ్లెచర్ పడిపోయినచోట ఆమె టోపీ ఆ ముట్టడి రోజుల్లో అలాగే రోడ్డు మీద పడి ఉంది. కిటికీలోంచి మళ్ళీ తుపాకీ పేలుతుందేమోనని, దాన్ని తీయటానికి వెళ్ళాలంటే ప్రమాదమే.