ఫ్లారెన్సు నగరపు వ్రాయసకాండ్రు

మనలో పెక్కుమంది పాఠశాలలో చదివిన ఐరోపా చరిత్రలో ఒక వాక్యము తప్పక ఉండెడిది. 1453లో కాన్‌స్టాంటినోపిల్ నగరము తురుష్కుల వశము కాగా, గ్రీకు పండితులు వ్రాతప్రతులు చంకనిడుకొని ఇటలీ చేరిరనియు, నాటితో మధ్యయుగపు చీకటి తొలగి విద్యాపునరుజ్జీవనము ఆరంభమాయెననియు దాని సారాంశము. పరీక్షకు ఇది చాలును, చరిత్రకు చాలదు. గ్రీకు బోధించుటకై మాన్యుయేల్ క్రిసొలొరాస్ అను పండితుడు ఫ్లారెన్సుకు వచ్చినది 1397లో, అనగా ఆ పతనమునకు 56 ఏండ్లు ముందు. ఆయన పారిపోయి రాలేదు, పిలువగా వచ్చెను. పిలిపించుటకు పూనుకొన్నవాడు రాజు కాడు, మతాచార్యుడును కాడు. నగర ప్రభుత్వపు ఉత్తర ప్రత్యుత్తరములు నడపు కార్యాలయమునకు పెద్దయైన ఒక ఉద్యోగి. అతని పేరు కొలుచ్చియో సలుటాటి.

ఇట్టి ఉద్యోగికి మధ్యయుగ సమాజమున మొదట స్థానమే లేదు. 11వ శతాబ్దిలో ఫ్రాన్సునందలి లాన్ నగరపు బిషప్పు అడల్బెరో, సమాజమును మూడు వర్గములుగా వర్ణించెను: ప్రార్థించువారు, పోరాడువారు, శ్రమించువారు. వర్తకునకు గాని, జీతమునకు వ్రాయు గృహస్థునకు గాని ఆ లెక్కలో చోటు లేదు. లాటిను చదువు ప్రధానముగా మఠములది, మతాధికారులది. అంతమాత్రమున ఆ కాలమును చీకటియుగమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. 9వ శతాబ్దిలో షార్లమేను చక్రవర్తి నాటను, ఆ పిమ్మటను, సన్యాసులు ప్రాచీన రోమను గ్రంథములకు ప్రతులు వ్రాసి యుండనిచో, తరువాతివారు పునరుజ్జీవింపజేయుటకు మిగిలియుండెడిది బహు స్వల్పము.

మార్పు ఇటలీ పట్టణములలో వచ్చినది. అచ్చట భూమికన్న వ్యాపారము ప్రధానమయ్యెను. భాగస్వామ్యము, అప్పు, కట్నము, వీలునామా, ప్రతిదానికిని పత్రము కావలెను. ఆ పత్రమును లాటినులో వ్రాసి ధ్రువపరచువాడు నోటరీ. ఇతడు సన్యాసి కాడు. ఆలుబిడ్డలు గల సంసారి. లాటిను ఈ విధముగా మఠము దాటి సంసారి ఇంటికి జీవనోపాధియై వచ్చెను. లెక్కలును మారినవి. 1202లో పీసా నగరవాసి లియొనార్డో తన గణిత గ్రంథమున, మన దేశమున పుట్టి అరబ్బుల ద్వారా పడమటికి చేరిన అంకెలను వివరించెను. 1299లో ఫ్లారెన్సు సరాఫుల సంఘము తన సభ్యులు పద్దుపుస్తకములలో ఆ అంకెలు వాడరాదని శాసించినది! ఆ అంకెలను దిద్ది మోసగించుట సులభమనుట ఇందులకు సాధారణముగా చెప్పు కారణము. పద్దుల తనిఖీలో తల నెరసిన మన మిత్రులు ఈ భయమును వెంటనే గ్రహింపగలరు.

1331లో జన్మించిన సలుటాటి బొలోన్యాలో నోటరీ విద్య నేర్చి, చిన్న పట్టణములలో చిల్లర కొలువులు చేసి, 1375లో ఫ్లారెన్సు ప్రధాన కార్యదర్శి యయ్యెను. 1406లో మరణించువరకు, 31 ఏండ్లు, ఆ పదవి విడువలేదు. నగర పాలకులు రెండేసి నెలలకు మారుచుండిరి, కార్యదర్శి మారలేదు. ఆతని లేఖలలో ప్రాచీన రోము చరిత్ర, స్వాతంత్ర్య ప్రశంస ధారాళముగా ప్రవహించెడివి. ఫ్లారెన్సుకు పరమశత్రువైన మిలాను ప్రభువు జాన్ గలియాట్సొ, సలుటాటి లేఖ ఒకటి వేయిమంది ఆశ్వికులకన్న ఎక్కువ హాని చేయునని అన్నట్లు ప్రతీతి. చిత్రమేమన, ఆ ప్రభువు కార్యదర్శియగు పాస్క్వీనో కాపెల్లి ద్వారానే 1392లో సలుటాటికి, ఎవరును చదువక మరుగుపడియున్న సిసిరో లేఖల సంపుటమొకటి ప్రతిగా లభించెను. ఉభయ రాజ్యములకు సంధి కుదిరినది ఆ ఏడే. ప్రభువులు కత్తులు నూరుకొనుచుండ, వ్రాయసకాండ్రు పుస్తకములు ఇచ్చిపుచ్చుకొనిరి.

అయినను ఈ కథకు మరియొక ముఖము కలదు. 1378లో ఉన్నిపనివారైన నిరుపేదలు తిరుగబడి నగరభవనమును ఆక్రమించి, తమకొక వృత్తిసంఘమును, పాలనలో పాలును సంపాదించిరి. కొన్ని వారములకే అణచివేయబడిరి. తిరుగుబాటు ప్రభుత్వము నాడును, దానిని అణచినవారి నాడును కార్యదర్శి సలుటాటియే. స్వాతంత్ర్యమును కొనియాడిన ఆ కలము, ఎవరు పీఠమెక్కిన వారికొరకు వ్రాసినది. ఆతని నిందింప నాకు మనసొప్పదు. కాని ఫ్లారెన్సు స్వాతంత్ర్యము ఉన్ని దువ్వువాని గుమ్మము వరకు రాలేదన్న సంగతి మరచుటయు ఒప్పదు.

క్రిసొలొరాసును పిలిపించునపుడు, గ్రీకు కావ్యములను, చరిత్రలను, నిఘంటువులను వెంట తెప్పింపుమని సలుటాటి తన శిష్యుని కోరెను. అప్పటికి తనకు అరువది దాటినవి. ఆ భాష తనకు పట్టుబడలేదు. ఫలమనుభవించినవారు పిన్నలు. న్యాయశాస్త్రము చదువుచున్న లియొనార్డో బ్రూనీ, న్యాయాచార్యులు ఎందరైన దొరకుదురు, గ్రీకు గురువు ఈయన యొక్కడేయని ఆ చదువు ప్రక్కనబెట్టెను. తరువాత గురుపీఠము వంటి ఆ కార్యదర్శి పదవిని తానును అధిష్ఠించి, 1444లో మరణించువరకు ఫ్లారెన్సు చరిత్ర రచించుచుండెను.

ఇంకొకడు పోజ్జో బ్రాచ్చొలీని. పేదవాడై వచ్చి, ప్రతులు వ్రాసి పొట్టపోసుకొనెను. ప్రాచీన రోమనుల వ్రాతయని భ్రమించి ఆతడు అనుకరించినది నిజమునకు షార్లమేను కాలపు సన్యాసుల లిపి. ఆ గుండ్రని అక్షరములే పిమ్మట ముద్రణకెక్కినవి. మన కార్యాలయములలో ఏండ్ల తరబడి టకటకలాడిన ఆంగ్ల టైపు యంత్రముల చిన్నబడి అక్షరములు వాని వంశములోనివే. పోజ్జో పోపు కొలువున కార్యదర్శి. 1415లో కాన్‌స్టాన్స్ మహాసభ ఆ పోపును పదభ్రష్టుని గావింపగా ఈతని కొలువును పోయెను. ఆ నిరుద్యోగమే లోకమునకు మేలైనది. సమీప మఠములు గాలించుచు, 1416లో సెయింట్ గాల్ మఠపు బురుజు అడుగున, దుమ్ములో పడియున్న క్వింటిలియను అలంకార గ్రంథపు సంపూర్ణ ప్రతిని కనుగొని స్వహస్తముతో వ్రాసికొనెను. మరుసటి ఏట లుక్రీషియసు కావ్యము దొరకినది.

ఈ పోజ్జోతో మన తెలుగువారికిని ఒక చుట్టరికము కలదు. వెనీసు వర్తకుడు నికొలో కాంటీ, సుమారు 25 ఏండ్లు తూర్పుదేశములు తిరుగుచు, ప్రాణభీతిచే మతము మార్చుకొనెను. తిరిగివచ్చి క్షమాపణ వేడగా, తాను చూచినదంతయు కార్యదర్శి పోజ్జోకు నిజముగా చెప్పవలెనని నాల్గవ యూజీను పోపు ప్రాయశ్చిత్తము విధించెను. పోజ్జో దానిని విధివిలాసములను గూర్చిన తన లాటిను గ్రంథమున, నాల్గవ భాగముగా పొందుపరచెను. అందు విజయనగరము కలదు: చుట్టుకొలత 60 మైళ్లు, కొండల నంటి సాగు ప్రాకారములు, ఆయుధము పట్టగల 90,000 మంది పురుషులు. పండుగనాడు రాజును రాణిని సైతము విడువక దారినపోవు వారందరిపై కుంకుమపువ్వు నీరు చల్లుటయు, దేవాలయములపై రేయింబవళ్లు వెలుగు నువ్వులనూనె దీపములును కలవు. ఆ దీపముల వెలుగున మన రాయసమువారు ప్రభువుల ఆజ్ఞలు వ్రాయుచుండగా, ఫ్లారెన్సు శిష్యుడొకడు వాని ముచ్చటను లాటినులోనికి ఎక్కించుచుండెను.